ఒక ఆల్బమ్ నుంచి ఇంకో ఆల్బమ్‌కి: ఇండీ, ఎలక్ట్రానిక్, హిప్‌హాప్‌లో వెతకడం, వినడం, సిఫార్సు చేయడం

2010లో లాస్ ఏంజెలెస్ కళాకారుడు ఫ్లయింగ్ లోటస్ 'కాస్మోగ్రామా' అనే ఆల్బమ్ తెచ్చాడు. విడుదల చేసింది వార్ప్ అనే ఎలక్ట్రానిక్ లేబుల్, అంటే రికార్డులు తెచ్చే సంస్థ. అందులో ఒక పాట పాడింది ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ గాయకుడు థామ్ యార్క్. శాక్సఫోన్ వాయించింది జాజ్ కళాకారుడు రవి కోల్ట్రేన్. బేస్ గిటార్ థండర్‌క్యాట్‌ది. ఐదేళ్ల తర్వాత రాపర్ కెండ్రిక్ లామార్ 'టు పింప్ ఎ బటర్‌ఫ్లై' క్రెడిట్స్‌లో మళ్లీ ఇదే థండర్‌క్యాట్, ఇదే ఫ్లయింగ్ లోటస్ కనిపిస్తారు. మరి 'కాస్మోగ్రామా' ఎలక్ట్రానికా, హిప్‌హాపా, జాజా? జానర్ (సంగీతం రకం) పేరు కొట్టి వెతికితే ఇలాంటి ఆల్బమ్ ఏ జాబితాలోనూ సరిగ్గా ఇమడదు. మనుషుల పేర్లు పట్టుకొని వెళ్తే మాత్రం నాలుగైదు వైపుల నుంచి దీని దగ్గరికే వస్తాం.

నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క పద్ధతి చుట్టూనే ఉంటుంది. వెతికేటప్పుడు ఆల్బమ్ తయారు చేసిన మనుషుల్ని చూడాలి. సిఫార్సు చేసేటప్పుడు దాన్ని వినబోయే మనిషిని చూడాలి.

మొదటి అడుగు: నచ్చిన ఒక్క ఆల్బమ్, దాని క్రెడిట్స్

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, మీరు ఇప్పటికే చాలాసార్లు విన్న ఆల్బమ్ దగ్గర. 'తప్పక వినాల్సిన వంద ఆల్బమ్‌లు' లాంటి జాబితా ముందేసుకొని వరుసగా వినడం మొదలుపెడితే నాలుగో దానికే విసుగొస్తుంది. ఎందుకంటే ఆ వరుసకీ మీ ఇష్టానికీ ఏ సంబంధమూ ఉండదు.

మీ ఆల్బమ్ గురించి నాలుగు విషయాలు రాసుకోండి. ఏ లేబుల్ విడుదల చేసింది, ప్రొడ్యూసర్ (అంటే రికార్డు శబ్దాన్ని తీర్చిదిద్దిన మనిషి) ఎవరు, అతిథులుగా ఎవరు పాడారు లేదా వాయించారు, ఏ పాత రికార్డుల నుంచి శాంపిల్స్ (కొత్త పాటలో వాడుకునే చిన్న ముక్కలు) తీసుకున్నారు. సీడీ గానీ ఎల్‌పీ గానీ ఉంటే ఇవన్నీ లోపలి కాగితంలో ఉంటాయి. స్ట్రీమింగ్ యాప్‌లలో కూడా క్రెడిట్స్ చూపిస్తారు కానీ చాలాసార్లు అరకొరగా ఉంటాయి. అన్నిటికన్నా నమ్మదగ్గది డిస్కాగ్స్ అనే సైట్. 2000లో ఎలక్ట్రానిక్ రికార్డుల వివరాల కోసం మొదలైన ఇందులో ఇప్పుడు అన్ని రకాల సంగీతమూ ఉంది. ఒక పేరు మీద నొక్కితే ఆ మనిషి పనిచేసిన రికార్డులన్నీ సంవత్సరాల వారీగా వచ్చేస్తాయి.

ఈ నాలుగింటిలో ఏది ఎక్కువ దూరం తీసుకెళ్తుందన్నది సంగీతాన్ని బట్టి ఉంటుంది.

హిప్‌హాప్‌లో ప్రొడ్యూసర్ పేరు పట్టుకోండి. రాపర్ గొంతు మనల్ని లోపలికి పిలిచినా, ఆల్బమ్‌కి రంగు వేసేది బీట్, అంటే ఆ గొంతు వెనక వినిపించే సంగీతం, చేసిన మనిషే. రాపర్ నాస్ 'ఇల్‌మాటిక్' (1994) చూడండి. పదే ట్రాక్‌లు, నలభై నిమిషాల లోపే. కానీ బీట్లు చేసినవాళ్లలో డీజే ప్రీమియర్, పీట్ రాక్, క్యూ-టిప్, లార్జ్ ప్రొఫెసర్ ఉన్నారు. ప్రీమియర్ బీట్ నచ్చిందా, అతని బృందం గ్యాంగ్ స్టార్ ఆల్బమ్‌లు వినండి. పీట్ రాక్ దగ్గర ఆగిపోయారా, అతను రాపర్ సీఎల్ స్మూత్‌తో కలిసి చేసినవి ఉన్నాయి. క్యూ-టిప్ అయితే అతని బృందం ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్‌కి వెళ్తారు. వాళ్ల 'ది లో ఎండ్ థియరీ' (1991)లో ఒక ట్రాక్‌కి డబుల్ బేస్ వాయించింది రాన్ కార్టర్, అంటే 1960లలో జాజ్ దిగ్గజం మైల్స్ డేవిస్ బృందంలో వాయించిన కార్టరే. రెండు మలుపుల్లో రాప్ నుంచి జాజ్‌కి వచ్చేశాం. 'ఇల్‌మాటిక్'లోనే ఇంకో దారి కూడా ఉంది. ఒక పాట చివర వినిపించే కార్నెట్ (ట్రంపెట్ లాంటి వాయిద్యం) నాస్ తండ్రి ఓలు దారాది.

ఎలక్ట్రానిక్ సంగీతంలో లేబుల్ పేరు ముఖ్యం. ఇక్కడ చాలామంది కళాకారులు ముఖం చూపించరు, ఇంటర్వ్యూలు తక్కువ ఇస్తారు, ఒకే మనిషి పలు పేర్లతో రికార్డులు తెస్తాడు. రిచర్డ్ డి జేమ్స్‌ని ఏఫెక్స్ ట్విన్‌గా అందరికీ తెలుసు. ఏఎఫ్ఎక్స్, పాలిగాన్ విండో కూడా అతనే. పేరు మారినప్పుడు శైలి కూడా మారుతుంది కాబట్టి డిస్కాగ్స్‌లో మారుపేర్ల వరుసని తప్పకుండా చూడండి. లేబుల్ మాత్రం స్థిరంగా ఉంటుంది, దానికంటూ ఒక అభిరుచి ఉంటుంది. 1989లో షెఫీల్డ్‌లో మొదలైన వార్ప్, 1992లో 'ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్' అనే సంకలనం తెచ్చింది. డాన్స్ కోసం కాకుండా ఇంట్లో కూర్చొని వినడానికి ఎలక్ట్రానిక్ సంగీతం అన్న ఆలోచన దాని అట్ట మీదే కనిపిస్తుంది: కుర్చీలో వాలి ఉన్న రోబో, పక్కన నేల మీద ఎల్‌పీలు. ఇలాంటి సంకలనాలు కొత్తవాళ్లకి చాలా మంచివి. ఒక్కసారి వింటే అరడజను మంది పరిచయమవుతారు, వాళ్లలో ఒకరిద్దరు మీకు పడతారు. లండన్‌లో కోడ్9 అనే డీజే నడిపే హైపర్‌డబ్, లాస్ ఏంజెలెస్‌లో ఫ్లయింగ్ లోటస్ 2008లో పెట్టిన బ్రెయిన్‌ఫీడర్ కూడా ఇలా లేబుల్ మొత్తంగా విని చూడదగ్గవి.

ఇండీలో, అంటే పెద్ద కంపెనీల బయట చిన్న లేబుల్స్‌తో మొదలైన బ్యాండ్ సంగీతంలో, స్నేహాలు చూడాలి. ఒకే ఊళ్లో ఒకరి బ్యాండ్‌లో ఒకరు వాయించుకుంటూ, ఒకరి ఆల్బమ్ ఇంకొకరు రికార్డ్ చేస్తూ పెరిగిన బృందాలే ఇందులో ఎక్కువ. న్యూట్రల్ మిల్క్ హోటల్ 'ఇన్ ది ఏరోప్లేన్ ఓవర్ ది సీ' (1998)కి ప్రొడ్యూసర్ రాబర్ట్ ష్నైడర్. అతనిది యాపిల్స్ ఇన్ స్టీరియో అనే ఇంకో బ్యాండ్. ఈ రెండు బ్యాండ్‌లు పెట్టినవాళ్లతో పాటు ఒలీవియా ట్రెమర్ కంట్రోల్ అనే మూడో బ్యాండ్ పెట్టినవాళ్లు కూడా లూసియానాలోని రస్టన్ అనే చిన్న ఊళ్లో కలిసి పెరిగిన స్నేహితులే. మూడు బ్యాండ్‌లూ వింటే ఒకే ఇంట్లో మూడు గదులు చూసినట్టు ఉంటుంది.

ఇక మూడు సంగీతాల మధ్యా తిరిగే మనుషులు కొందరుంటారు. వాళ్లు కనిపిస్తే వదలకండి. కీరన్ హెబ్డెన్ కుర్రాడిగా ఫ్రిడ్జ్ అనే గిటార్ బ్యాండ్‌లో ఉండేవాడు. తర్వాత ఫోర్ టెట్ పేరుతో 'రౌండ్స్' (2003) లాంటి ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌లు చేశాడు. అది వచ్చింది డొమినో నుంచి, అంటే ఆర్కటిక్ మంకీస్ అనే రాక్ బ్యాండ్ ఉన్న ఇండీ లేబుల్ నుంచి. అతనే మ్యాడ్‌విలన్ అనే జంట రాప్ పాటల్ని రీమిక్స్ కూడా చేశాడు.

రెండో అడుగు: శాంపిల్ ఎక్కడిదో వెతకడం

హిప్‌హాప్, ఎలక్ట్రానిక్ వినేవాళ్లకి ఇంతకన్నా ఆనందం ఇచ్చే పని లేదని నా నమ్మకం. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు ఒక చిన్న ముక్క వెనక నలభై ఏళ్ల సంగీతం బయటికొస్తుంది. హూశాంపుల్డ్ అనే సైట్‌లో పాట పేరు కొడితే అందులో వాడిన పాత పాట ఏదో, ఏ సెకను దగ్గర వాడారో చూపిస్తుంది, రెండు పాటల్నీ పక్కపక్కన వినిపిస్తుంది.

రేడియోహెడ్ 'కిడ్ ఎ' (2000)లో 'ఇడియోటెక్' ఉంది కదా. దాని కింద తిరిగే ఆ నాలుగు స్వరసంగతులు (కార్డ్స్) అమెరికన్ స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో కంప్యూటర్ మీద చేసిన రచనలోవి. గిటార్ బ్యాండ్‌గా పేరున్నవాళ్ల పాట నుంచి తొలినాటి కంప్యూటర్ సంగీతానికి ఒక్క గెంతు. న్యూయార్క్ డీజే ఆఫ్రికా బంబాటా 'ప్లానెట్ రాక్' (1982) ఇంకా పెద్ద ఉదాహరణ. అందులో జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ స్వరాన్ని, తాళాన్ని మళ్లీ వాయించి, రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్ చేర్చారు. న్యూయార్క్ హిప్‌హాప్, డెట్రాయిట్‌లో పుట్టిన టెక్నో అనే ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం, రెండూ క్రాఫ్ట్‌వెర్క్‌ని పెద్దన్నలా చూసుకున్నాయని తెలిస్తే, ఒకటి ఇష్టపడేవాళ్లకి రెండోది పరాయిది అనిపించదు.

శాంపిల్స్ వల్లే ఒక చిక్కు కూడా ఉంది. హిప్‌హాప్ బృందం డి లా సోల్ '3 ఫీట్ హై అండ్ రైజింగ్' 1989లో వచ్చింది. అందులో వాడిన శాంపిల్స్ హక్కుల గొడవ తేలక, 2023 మార్చి దాకా స్ట్రీమింగ్‌లోకి రాలేదు. అన్నేళ్లూ యాప్‌లో మాత్రమే వెతికినవాళ్లకి హిప్‌హాప్‌లో ఇంత ముఖ్యమైన ఆల్బమ్ ఒకటుందనే తెలియదు. రాపర్లు ఉచితంగా వదిలిన ఆల్బమ్‌లు, అంటే మిక్స్‌టేప్‌లదీ ఇదే పరిస్థితి. ఛాన్స్ ది రాపర్ 'యాసిడ్ రాప్' 2013 నాటిది. 2019లో స్ట్రీమింగ్‌కి వచ్చినప్పుడు ఒక పాట లేకుండానే వచ్చింది. అందుకే క్రెడిట్స్‌లో చూసిన ఆల్బమ్ యాప్‌లో లేకపోతే అక్కడితో ఆగకండి. సెకండ్ హ్యాండ్ సీడీలు, కళాకారులు నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్, కళాకారుడి సొంత సైట్, ఇవన్నీ చూడండి.

మూడో అడుగు: మంచి చెవి ఉన్నవాళ్లని పట్టుకోవడం

మీరొక్కరే అన్నీ వెతకలేరు. ఇదే పనిగా వినేవాళ్లు ప్రతి సంగీతంలోనూ ఉన్నారు. లండన్‌లో 2011 నుంచి నడుస్తున్న ఎన్‌టీఎస్ రేడియో, సియాటిల్‌లోని కేఈఎక్స్‌పీ, బీబీసీ రేడియో 6 మ్యూజిక్, మూడూ ఆన్‌లైన్‌లో వినొచ్చు. రేడియో అంటే ఏది పడితే అది వినమని కాదు. ఒక హోస్ట్‌ని ఎంచుకొని వరుసగా కొన్ని వారాలు వినండి, ట్రాక్‌ల జాబితా చూసి, ఆపలేకపోయిన పాట ఏ ఆల్బమ్‌లోదో వెతకండి. ఎలక్ట్రానిక్‌కి డీజే మిక్స్‌లు ఇదే పని చేస్తాయి. విమర్శకుల విషయంలోనూ అంతే. పత్రిక మొత్తం ఇచ్చే సంవత్సరాంతపు జాబితా అందరి ఓట్లూ కలిసి సగటుగా తయారవుతుంది. ఒక్క విమర్శకుడి సొంత జాబితాలో అతని ఇష్టాలు కనిపిస్తాయి, మీ ఇష్టాలతో ఎంత కలుస్తాయో పోల్చుకోవచ్చు.

బ్యాండ్‌క్యాంప్‌లో ఒక సదుపాయం ఉంది, చాలామంది దాన్ని గమనించరు. ఆల్బమ్ పేజీలో, దాన్ని కొన్నవాళ్ల బొమ్మలు కనిపిస్తాయి. ఒకరి మీద నొక్కితే వాళ్లు కొన్న మిగతా ఆల్బమ్‌లన్నీ చూడొచ్చు. మీకు ప్రాణమైన ఒక అరుదైన ఆల్బమ్‌ని డబ్బు పెట్టి కొన్న మనిషి ఇంకేం కొన్నాడన్నది, ఏ యంత్రమూ ఇవ్వలేని సిఫార్సు.

అలాగని అల్గారిథమ్‌ని తీసిపారేయక్కర్లేదు. స్పాటిఫైలో 2015 నుంచి ప్రతి సోమవారం ముప్పై పాటల డిస్కవర్ వీక్లీ వస్తోంది, అందులో అప్పుడప్పుడూ రత్నాలు దొరుకుతాయి. కానీ అది ఇచ్చేది పాట, ఆల్బమ్ కాదు. ఆ సర్వీసులో ముప్పై సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుంది కాబట్టి, మొదట్లోనే పట్టేసే పాటలకి అక్కడ అనుకూలం. ఐదు నిమిషాలు నెమ్మదిగా పెరిగే ట్రాక్‌కి అలాంటి చోట అన్యాయం జరుగుతుంది. అందుకని అది ఇచ్చిన పాటని ఒక ఆచూకీ అనుకోండి. నచ్చితే అక్కడే ఆపి, ఆ ఆల్బమ్‌ని మొదటి ట్రాక్ నుంచి పెట్టుకోండి.

నాలుగో అడుగు: వినడం

దొరికిన ఆల్బమ్‌లు పోగేయడం సులువు. వినడానికి టైమ్ పెట్టడమే కష్టం. వారానికి ఒకటి రెండు కొత్త ఆల్బమ్‌లు చాలు. మొదటిసారి షఫుల్ తీసేసి, వరుస మార్చకుండా, మధ్యలో పాట దాటేయకుండా వినండి. కెండ్రిక్ లామార్ 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' (2012) లాస్ ఏంజెలెస్ పక్కనున్న కాంప్టన్‌లో ఒక కుర్రాడి కథ. పాటల మధ్య వచ్చే ఫోన్ సందేశాలు, మాటలు కథలో భాగం. వాటిని దాటేస్తే కథ పోతుంది. ఎల్‌పీ కాలపు ఆల్బమ్ అయితే ఒక్కో వైపు ఇరవై రెండు నిమిషాల చొప్పున ఆలోచించి కట్టి ఉంటారు. మధ్యలో చిన్న విరామం ఇచ్చి వింటే దాని ఆకారం తెలుస్తుంది.

ఒక్కో సంగీతానికి చెవిని కొంచెం మార్చుకోవాలి. హిప్‌హాప్‌ని మొదటిసారి మాటలు అర్థం కాకపోయినా పర్వాలేదు అనుకొని గొంతు, లయ మీద దృష్టి పెట్టి వినండి, రెండోసారి సాహిత్యం ముందు పెట్టుకొని వినండి. రెండూ ఒకేసారి చేయబోతే చదవడమే అవుతుంది, వినడం అవదు. ఎలక్ట్రానిక్‌కి ఫోన్ స్పీకర్ పనికిరాదు. బరియల్ 'అన్‌ట్రూ' (2007)ని ఫోన్ స్పీకర్‌లో పెడితే కింది బేస్ మొత్తం మాయమై, గొంతు ముక్కలు, చిటపటలు మాత్రమే మిగులుతాయి. మామూలు హెడ్‌ఫోన్స్ అయినా చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. ఇండీలో గరగర, పైకీ కిందకీ అయ్యే శబ్దం, దూరంగా వినిపించే గొంతు చూసి నాణ్యత లేదని పక్కన పెట్టకండి. గైడెడ్ బై వాయిసెస్ 'బీ థౌజండ్' (1994)ని నాలుగు ట్రాక్‌ల ఇంటి రికార్డర్ లాంటి వాటి మీద చేశారు. ఇరవై చిన్న చిన్న పాటలు, ఆ గరగరలోంచే వాటి అందం వస్తుంది.

వేరువేరు రోజుల్లో మూడుసార్లు వినండి. అప్పటికీ పట్టకపోతే మొహమాటం లేకుండా వదిలేయండి. గొప్పదని లోకమంతా అన్నా సరే.

విన్న వెంటనే రెండు లైన్లు రాసుకోండి. పేరు, సంవత్సరం, లేబుల్, ఎవరి ద్వారా తెలిసింది, ఏ ట్రాక్ మనసులో నిలిచింది, ఏ వేళకి బాగుంటుంది. 'బాగుంది' అని మాత్రం రాయకండి. 'మూడో ట్రాక్‌లో డ్రమ్స్ ఆగిపోయి గొంతు ఒక్కటే మిగిలే చోట' అని రాస్తే ఆర్నెల్ల తర్వాత కూడా ఆ ఆల్బమ్ గుర్తొస్తుంది. సిఫార్సు చేసేటప్పుడు చెప్పాల్సిన మాట కూడా అదే.

ఐదో అడుగు: సిఫార్సు

చాలామంది ఇక్కడ తమకి నచ్చిన వాటిలో పెద్దది తీసి ఎదుటివాళ్ల చేతిలో పెడతారు. ముందు రెండు ప్రశ్నలు అడగండి. నువ్వు పాటలో దేన్ని వింటావు: మాటల్నా, లయనా, శబ్దాల అల్లికనా? ఎప్పుడు వింటావు: పని చేస్తూనా, ప్రయాణంలోనా, రాత్రి ఒంటరిగానా? పని చేసుకుంటూ వినే మనిషికి మాటల మీద నడిచే రాప్ ఆల్బమ్ ఇస్తే, అది ఎంత మంచిదైనా ఆ మనిషికి అడ్డమే అవుతుంది.

జవాబుని బట్టి, వాళ్లున్న చోటికి దగ్గర్లో ఉన్న తలుపు తీయండి. రాక్ వింటూ ఎలక్ట్రానిక్ అంటే వెనకాడేవాళ్లకి 'కిడ్ ఎ' ఇవ్వొచ్చు. థామ్ యార్క్ అది చేసే రోజుల్లో వార్ప్ రికార్డులు తెప్పించుకొని విన్నాడు కాబట్టి, అది నచ్చినవాళ్లకి తర్వాతి మెట్టు సిద్ధంగా ఉంటుంది. డాన్స్ ఇష్టమైతే ఎల్‌సీడీ సౌండ్‌సిస్టమ్ 'సౌండ్ ఆఫ్ సిల్వర్' (2007). కథలు, కవిత్వం ఇష్టపడేవాళ్లు హిప్‌హాప్‌లోకి రావడానికి 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ' కన్నా మంచి దారి నాకు తెలియదు. ఎలక్ట్రానిక్ వినేవాళ్లకి రాప్ గొంతు అడ్డమనిపిస్తే గొంతు దాదాపు లేని హిప్‌హాప్ ఇవ్వండి: డీజే షాడో 'ఎండ్‌ట్రొడ్యూసింగ్' (1996), జే డిల్లా 'డోనట్స్' (2006). రెండోది ముప్పై ఒక్క చిన్న ముక్కల ఆల్బమ్, డిల్లా మరణానికి మూడు రోజుల ముందు విడుదలైంది. రాప్ మాత్రమే వినేవాళ్లని ఇండీ వైపు తేవాలంటే గొరిల్లాజ్ 'డీమన్ డేస్' (2005). పాడేది బ్లర్ అనే బ్యాండ్ గాయకుడు డేమన్ ఆల్బర్న్, ప్రొడ్యూసర్ డేంజర్ మౌస్, అతిథులుగా డి లా సోల్, రాపర్ ఎమ్ఎఫ్ డూమ్. తెలిసిన గొంతులు ఉంటాయి కాబట్టి తెలియనిది కూడా వినేస్తారు.

ఒక్కసారికి ఒకే ఆల్బమ్ చెప్పండి. ఐదు లింకులు పంపితే ఒక్కటీ తెరవరు. 'మాస్టర్‌పీస్, విని తీరాలి' అన్న మాట వినేవాళ్లకి టెన్షన్ తప్ప ఏమీ ఇవ్వదు, నచ్చకపోతే తప్పు తమదేమో అనుకుంటారు. దానికి బదులు ఎందుకు ఈ ఆల్బమ్, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ఇబ్బంది పెట్టొచ్చు, ఈ మూడూ చెప్పండి. మ్యాడ్‌విలన్ 'మ్యాడ్‌విలనీ' (2004) గురించి ఒక స్నేహితుడికి నేనైతే ఇలా రాస్తాను:

"నీకు మాటలతో ఆడుకునే పాటలు ఇష్టం కదా, అందుకని ఇది. రాప్ ఎమ్ఎఫ్ డూమ్, బీట్లు మ్యాడ్‌లిబ్. 22 ట్రాక్‌లు ఉన్నా మొత్తం 46 నిమిషాలే. కోరస్ కోసం చూడకు, దాదాపు ఉండదు. పాట కుదురుకుంది అనుకునేలోపే అయిపోతుంది, మొదట్లో చిరాకేస్తుంది. 'అకార్డియన్' ఒక్కటి విను, రెండు నిమిషాల పాట. పట్టిందంటే మొదటి నుంచి పెట్టుకో. పట్టకపోతే వదిలేయ్, వేరేది చెప్తా. బూతులున్నాయి, పెద్దవాళ్ల ముందు పెట్టకు."

చివరి మాట చిన్నదే అయినా వదలకండి. హిప్‌హాప్‌లో బూతులు, హింస, ఆడవాళ్ల గురించి తక్కువ చేసే మాటలు ఉన్న గొప్ప ఆల్బమ్‌లు చాలా ఉన్నాయి. ముందే చెప్తే వినాలో వద్దో వాళ్లే నిర్ణయించుకుంటారు. చెప్పకుండా పంపితే రెండో సిఫార్సు వినరు.

పంపాక ఊరుకోండి. మర్నాడే 'విన్నావా?' అని అడిగితే దాన్ని అప్పు తీర్చమన్నట్టు తీసుకుంటారు. వారం పది రోజుల తర్వాత మాటల్లో వస్తే, 'నచ్చిందా?' అనే బదులు 'ఎక్కడ ఆపావు?' అని అడగండి. నచ్చిందా అంటే మర్యాదకి అవునంటారు. ఎక్కడ ఆపావు అంటే నిజం చెప్తారు, తర్వాత ఏమివ్వాలో ఆ జవాబులోనే దొరుకుతుంది. 'బీట్లు బాగున్నాయి, రాప్ అందలేదు' అంటే 'డోనట్స్'. 'ఆ గొంతు భలే ఉంది, ఇంకా కావాలి' అంటే డూమ్ ఎక్కువ బీట్లు తనే చేసుకున్న 'ఎమ్ఎమ్ ఫుడ్', అదీ 2004దే. 'రాప్ సంగతి సరే, ఆ అకార్డియన్ శబ్దమే తల్లోంచి పోవట్లేదు' అన్నారంటే, అది డేడలస్ అనే ఎలక్ట్రానిక్ కళాకారుడి పాటలోంచి తీసుకున్న ముక్క అని చెప్పి, అతని ఆల్బమ్‌లు పంపండి.